కుడి చెవి గాటు

సిరిగిరి రాజావారి రాజ్యం ఇప్పుడు భువనగిరి గుట్ట కింద, గానుగ సందులో, రెండు గదులూ ఒక వంటిల్లూ అంత మిగిలింది. అంతకుముందు మాత్రం ఏమంత పెద్దదని? పద్నాలుగు ఊళ్లు. నిజాం కొలువులో కూర్చోమనే దిక్కులేని రాజ్యం. అయినా ఆ పద్నాలుగు ఊళ్లకు రామచంద్రారావు దొర రాజే. ఆయన ఎదురైతే ముసలీ ముతకా చెప్పులు చేతబట్టుకొని పక్కకు తప్పుకోవాల్సిందే. రెండేళ్ల కింద, కార్తీక పంచమి నాడు పొద్దుగూకే వేళ, దొరల భూములు పంచే సంఘపోళ్లు గడీ మీదికి వస్తున్నారని కబురొచ్చింది. రాజావారు ఎడ్లబండిలో వరిగడ్డి కింద పడుకున్నారు. దొరసాని శ్యామలమ్మ నల్ల గొంగడి తలమీదుగా కొప్పెర వేసుకొని, గొర్లు కాసే ఆడమనిషిలాగా బండి వెనక నడిచింది. ఆమె తన కాళ్ల మీద అంత దూరం నడవడం అదే మొదలు. ఆ గొంగడి ఆమె దాసి సుక్కమ్మది. నగల మూట నెత్తిన పెట్టుకొని ఆ వెనకాల నడిచిందీ సుక్కమ్మే.

రాజ్యం తగ్గింది గానీ పని తగ్గలేదు. గడీలో ఇరవై మంది పంచుకున్న చాకిరీ ఇక్కడ సుక్కమ్మ ఒక్కదాని మీద పడింది. సందు చివరి బావిలో చేద వేసి తోడి, దొరసాని స్నానానికి ఏడు బిందెలు మోయాలి. రెండు బిందెలు చాలవా అని అడిగేవాళ్లు ఎవరూ లేరు. గడీలో ఏడు పోసేవారు, కాబట్టి ఇక్కడా ఏడే. ఒళ్లు తడిసేది మూడో బిందెతోనే. మిగతా నాలుగూ రాజ్యం కోసం.

పొద్దెక్కాక అరుగు మీద దర్బారు. దర్బారంటే ఒక కిరాయి కుర్చీ, అందులో దొర. ఎదురింటి అరుగు మీద మిషన్ బడి పంతులు ఇస్రాయేలు. దొరకు ఉర్దూ వచ్చు గానీ ఇంగ్లీషు రాదు, లోకం సంగతులేమో ఇంగ్లీషులో వస్తున్నాయి. ఇస్రాయేలును ఈ అరుగు మీద కూర్చోమని దొర ఏనాడూ అనలేదు, ఆయనా కూర్చోలేదు. పత్రిక చదువు సందు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు వచ్చేది. మధ్యలో బర్రెలు పోతే దర్బారు కాసేపు ఆగేది.

దీపావళి తెల్లారి ఇస్రాయేలు మామూలు కంటే గట్టిగా చదివాడు. సంఘపోళ్లు తుపాకులు దించారన్న మాట నిజమేనని, ఊళ్లు నిమ్మళించాయని పత్రికలో ఉంది. దొర కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాడు. లేచి ఏం చేయాలో తోచక మళ్లీ కూర్చున్నాడు.

"ఇంకోటి తెచ్చిన దొరా," అంటూ ఇస్రాయేలు సంచిలో నుంచి ఒక పాత బొమ్మల పత్రిక తీశాడు. "మా దొరసాని ఇచ్చింది, మిషన్ దొరసాని. నార్వే అని ఉత్తరాన మంచు దేశం ఉన్నది. మొన్నటి పెద్ద యుద్ధంల జర్మనోళ్లు మీద పడితే ఆ దేశం రాజు, ఆయన కొడుకు లండన్ పోయిన్రు. కోడలు ముగ్గురు పిల్లల్ని తీస్కొని అమెరికాల తలదాసుకున్నది. ఐదేండ్లు, దొరా. యుద్ధం అయిపోయినంక రాజు, కోడలు, పిల్లలు ఓడల తిరిగొచ్చిన్రు. ఊరికి ఊరు రేవుకాడనే ఉన్నది. రాజు దేశం ఇడిచింది జూన్ ఏడు, మళ్ల కాలు వెట్టింది గూడ జూన్ ఏడే."

"అదే తారీఖా?"

"అదే తారీఖు."

దొర ముఖం వెలిగిపోయింది. "మనం ఇడిచింది కార్తీక పంచమి. అంటే ఇంక నాలుగు దినాలే ఉన్నది. మనం గూడ పంచమి నాడే కాలు వెడదాం పంతులూ. లారీ మాట్లాడుత. పద్నాలుగు ఊళ్లకు కబురు పోవాలె."

నార్వే రాజు కోసం జనం రేవుకు వచ్చింది తారీఖు కలిసినందుకు కాదని చెప్పే ధైర్యం ఇస్రాయేలుకు లేదు. తల ఊపి పత్రిక ముందుకు చాచాడు. ఆ చేతి నుంచి ఈ చేతికి పుస్తకం దాటించడానికి సుక్కమ్మ ఉండనే ఉంది. ఆమె సందు మధ్యలో ఒక్క క్షణం ఆగి బొమ్మ చూసింది. ఓడ నుంచి దిగుతున్న తెల్లటి మనుషులు. టోపీలు ఊపుతున్న జనం. ముందు టోపీ పెట్టుకున్న ఆడమనిషి, పక్కన పిల్లలు. బొమ్మ అంచున, సగం కోసేసినట్టు, ఇంకొక ఆడమనిషి ఉంది. ఆమె ఒక చేతిలో సంచి, ఇంకో చేతి మీద చిన్నపిల్లల కోటు.

"సారూ, గీ చివరామె ఎవలు?"

ఇస్రాయేలు కళ్లద్దాలు సర్దుకొని చూశాడు. "పేరు రాయలే సుక్కమ్మా."

"ఆమె ఊరు గూడ అదేనా?"

"అది గూడ రాయలే."

లోపల పరదా వెనక నుంచి అంతా విన్న దొరసాని పత్రికను ఒళ్లో పెట్టుకొని చాలాసేపు చూసింది. "ఎంత మందొచ్చిన్రో సూడు సుక్కీ. మన ఊర్ల గూడ గిట్లనే వస్తరా?"

"వస్తరు దొరసానమ్మా," అంది సుక్కమ్మ. దొరసాని ఏది అడిగినా జవాబు ఆ ప్రశ్నలోనే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు.

మన ఊరు, మన ఊరు. రెండేళ్లుగా ఆ ఇంట్లో రోజూ వినబడే మాట అది. అన్నప్పుడల్లా దొరకు గడీ బురుజులు కళ్లకు కట్టేవి. సుక్కమ్మకు మాత్రం పుట్టిన ఊరు కోస్గి గుర్తొచ్చేది. రాతి దొడ్డి, దొడ్డి నిండా గొర్లు, అమ్మ గోపమ్మ తొడ మీద కదురు తిప్పుతూ ఉన్ని వడికే చప్పుడు. తను పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆ ఊరి గడీ ఆడబిడ్డ శ్యామలమ్మ పెళ్లి జరిగింది. అరణం కింద వెండి చెంబులు, పట్టెమంచం, నాలుగు పాడిబర్రెలు, సుక్కమ్మ ఆమె వెంట అత్తారింటికి వెళ్లాయి. బర్రెలు ఎప్పుడో చచ్చిపోయాయి. దొరసాని పుట్టింటికి పోతేనే, అరణంగా వచ్చిన ఆడబాప కూడా తన ఊరు చూడాలి. దొరసాని తల్లిదండ్రులు పోయాక పిలిచేవాళ్లు లేరు. ఊరి ముఖం చూసి పద్నాలుగేళ్లయింది.

సిరిగిరి గడీకి తిరిగి పోవడమంటే ఆమెకు ఒకటే గుర్తు. చావడి పక్కన ఒక చిన్న గది. బయట గొళ్లెం తప్ప లోపల గడియ లేని గది, దొరకు కాలుబెట్టడానికి వేళాపాళా లేని గది. ఆ సంగతి దొరసానికి తెలుసు, గడీలో అందరికీ తెలుసు. ఈ కిరాయి ఇంట్లో అలాంటి గది లేదు. ఇక్కడ సుక్కమ్మ వంటింట్లో దొరసాని కళ్లముందే పడుకుంటుంది. రెండేళ్లు ఆమె నిద్రపోయింది. సంఘపోళ్లు ఎవరికి ఏమిచ్చారో ఆమెకు తెలియదు గానీ, ఆమెకు మాత్రం నిద్ర ఇచ్చారు. అది కాస్తా పంచమితో ఆఖరు.

*

ఇల్లు అలికి అప్పజెప్పాలని మర్నాడు సుక్కమ్మను ఎర్రమన్నుకు పంపారు. గుట్ట వెనక బీడులో మంద దిగి ఉంది. గంప దించి మన్ను తవ్వుతుంటే తుప్పలో ఒక గొర్రెపిల్ల ఇరుక్కొని అరిచింది. చేతులు వాటంతటవే పోయాయి. ముందు కాళ్ల మధ్య అరచేయి పెట్టి, ముల్లు తప్పించి, పైకి ఎత్తింది. ఇరవై రెండేళ్లు బిందెలు మోసిన చేతికి ఆ పట్టు ఎలా గుర్తుందో ఆమెకే తెలియదు.

ఎత్తాక చెవి చూసింది. ఎడమ చెవి కొన తెగి ఉంది, మధ్యలో చీలిక. అంత మందలో ఇంటికొక కోత ఉంటుంది. ఎవరి గొర్రె ఎవరిదో కాపరులు చెవి చూసే చెప్తారు. ఈ కోత వాళ్ల నాయనది.

"ఓ అక్కా, పిల్లను ఇడువు. తల్లి మొత్తుకుంటాంది," అంటూ కట్టె పట్టుకొని ఒక యువకుడు వచ్చాడు. మీసాలు ఇంకా సరిగ్గా దిగలేదు.

"గీ చెవి ఎవలు కోసిన్రు?"

"ఎవలు కోసిన గానీ కోత మా పెద్దనాయినది. ఎందుకు?"

"మీ పెద్దనాయిన పేరేంది?"

"కాటమయ్య. కోస్గి కాటమయ్య. సచ్చిపోయి ఆరేండ్లాయె." అతడు మామూలుగానే చెప్పి గొర్రెపిల్ల కోసం చేయి చాచాడు.

సుక్కమ్మ పిల్లను ఇవ్వలేదు. దాని కుడి చెవి తిప్పి చూసింది. ఆ చెవికీ కింది అంచున ఒక చిన్న గాటు. "గీ కుడి గాటు?" అంది.

"గవి మా అక్క గొర్లు. మా ఇండ్ల ఆడపిల్ల పుడితే ఒక పెంటిపిల్ల కుడి చెవికి గాటు వెడతరు. పెండ్లయి పోయేనాడు అది, దాని సంతానం ఆమె ఎంట పోవాలె. మా అక్క గడీకి అరణం పోయింది, దానికి పెండ్లెక్కడిది? గొర్రె ఇక్కడనే ఉండిపాయె. అది ఈని, దాని పిల్లలు ఈని, ముప్పై దాకా అయినయి. కరువుల తిండి లేకున్నా పెద్దమ్మ వాటిని ముట్టనియ్యది. చూపు పోయింది ఆమెకు. మంద ఊర్ల ఉన్నన్నాళ్లు దినాం మాపటికి దొడ్లెకు వస్తుంటే దొడ్డి తలుపుకాడ కూసోని కుడి చెవులు తడుముకుంటది, గాటువి అన్నీ వచ్చినయా లేదా అని."

సుక్కమ్మ ఆ బీడులో మన్ను మీదే కూర్చుండిపోయింది. ఒళ్లో గొర్రెపిల్ల తన్నుకుంటోంది.

"నువ్వు ఐలేశానివి," అంది చివరికి. "చిన్నప్పుడు ముక్కు చీదనియ్యకపోతుండె. నేను సుక్కమ్మను తమ్మీ."

ఐలేశం కట్టె కింద పడేసి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. మొదట కోపం వచ్చింది అతనికి. "మరి నాయిన పోయిన్నాడు రాకపోతివి! జానయ్య మామ సిరిగిరి దాకా నడిచిపోయి గడీ తలుపుకాడ చెప్పొచ్చిండు. 'చెప్తం పో' అన్నరంట. పదకొండు దినాలు నీకోసం సూసినం."

"నాకు ఎవలు చెప్పలే తమ్మీ. ఇప్పుడు నువ్వు చెప్తేనే ఎరుక."

ఆమె ఏడ్చింది. ఆరేళ్ల కింద ఏడవాల్సిన ఏడుపు కాబట్టి చాలాసేపే ఏడ్చింది. మంద కాసేపు మేత మాని వాళ్లను చూసి, మళ్లీ మేతలో పడింది.

కోస్గి దిక్కు ఆలస్యంగానైనా వానలు పడ్డాయని కబురొచ్చిందని, అందుకే తిరిగి పోతున్నామని ఐలేశం చెప్పాడు. "పంచమి పొద్దుగాల కదులుతం. వస్తవా అక్కా?"

ఆమె మన్ను గంప నెత్తిన పెట్టుకుంది. "అడగాలె," అంది.

*

తదియ నాడు మధ్యాహ్నం దొరసాని తల అంటించుకోవడానికి కూర్చుంది. సుక్కమ్మ వెనక పీట వేసుకొని, నువ్వుల నూనె అరచేతిలో పోసుకొని మాడుకు రాయసాగింది. దొరసాని చేతిలో ఒక కార్డు ఉంది. పొద్దున వచ్చింది. అప్పటి నుంచి పదిసార్లయినా చదివి ఉంటుంది.

"సుక్కీ, కోస్గిల మా గడీ ముందటి మెట్లబాయి యాదికున్నదా?"

"ఉన్నది దొరసానమ్మా. గోడకు పావురాలు గూడు కట్టుకుంటుండె."

"ఆ పావురాలనే అనుకుంటున్న దినమంత. ఒక్కసారి రెండు దినాలు వచ్చిపోత అని దసరకే మా అన్నకు రాసిన." ఆమె కార్డు మడిచింది. "దినాలు మంచిగలేవంట. నా అర్ర వదిన సామానుతోని నిండిందంట. ఇంకోమాటు సూద్దాం అని రాసిండు. రెండు దినాలకు నాకు జాగా లేదు సుక్కీ ఆ ఇంట్ల."

సుక్కమ్మ వేళ్లు ఆగలేదు. ఆమెకు దొరసాని మీద జాలి కలిగింది, ఆ జాలి మీద ఒళ్లు మండింది. రెండూ కలిసి నోటికొచ్చాయి.

"మా నాయిన సచ్చిపోయిండంట."

దొరసాని కార్డు పక్కన పెట్టింది. "ఎవలు చెప్పిన్రు?" అంది.

ఎప్పుడు పోయాడని అడగలేదు. ఎలా పోయాడనీ అడగలేదు. ఎవరు చెప్పారని అడిగింది. సుక్కమ్మకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. నూనె చేతులు తలమీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

దొరసాని వెనక్కి తిరగకుండానే చెప్పింది. "ఆ దినాలల్ల మా ఆడబిడ్డ పెండ్లి ఉండె. ఇంటి నిండ సుట్టాలు. నువ్వు పోతే ఎట్ల అనుకొని, పెండ్లి కానీయ్, అటెనుక చెప్దామనుకున్న. పెండ్లయినంక చెప్ప నోరు రాలే."

"మంద కోస్గికి పోతాంది దొరసానమ్మా, పంచమి నాడు. మా అమ్మ ఉన్నది. చూపు లేదంట. నేను పోత."

ఇరవై రెండేళ్లలో 'పోత' అనే మాట ఆ నోటి నుంచి రావడం అదే మొదలు. దొరసాని గిర్రున తిరిగింది. నూనె నుదుటి మీదికి కారుతోంది. "నువ్వు నా అరణం సుక్కీ! నన్నిడిసి యాడికి పోతవు? రెండేండ్లకు గడీల దిగుతుంటే ఎనుక ఒక్క మనిషి లేకుంట దిగాల్నా? పద్నాలుగు ఊర్లు సూస్తుంటే? పోనియ్య. ఈ మాట మళ్ల తియ్యకు."

సుక్కమ్మ తియ్యలేదు. కుంకుడు రసం తెచ్చి తల రుద్ది, ఏడు బిందెలూ పోసింది.

*

చవితి రోజంతా సామాను సర్దడమే. సందూకల్లో పట్టుచీరలు, గుడ్డల మధ్య అద్దాలు, గడ్డిలో పింగాణీ. సర్దుతున్నంతసేపూ సుక్కమ్మకు ఒకటే ఆలోచన. పోతే? చెప్పకుండా గంప పట్టుకొని బీడు దిక్కు పోతే? కాళ్లకు కట్టు లేదు, తలుపుకు తాళం లేదు. అయినా కాలు గడప దగ్గరికి పోయి ఆగిపోతోంది. అలవాటు కంటే గట్టి తాడు ఎవరూ పేనలేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

పత్రిక కోసం వచ్చిన ఇస్రాయేలును అరుగు దగ్గర మెల్లగా అడిగింది. "సారూ, నేను చెప్పకుంట పోతే పోలీసోళ్లు పట్టుకొస్తరా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఎవలు పట్టుకోరు సుక్కమ్మా. నిన్ను ఉంచుకునే హక్కు ఎవలకు లేదు. కానూను అట్లనే ఉన్నది."

"ఎప్పటి సంది?"

ఆయన మనసులోనే ఏళ్లు లెక్కపెట్టాడు. "చాన దినాల సంది."

"మరి దినాం పత్రిక సదివితిరి, గదొక్కటి సదవకపోతిరి."

ఇస్రాయేలు తల వంచుకున్నాడు. బొమ్మల పత్రిక ఇంకా లోపలే ఉందని చెప్తే, "ఉండనియ్యి, దొరసానినే ఉంచుకొమ్మను," అని వెళ్లిపోయాడు.

అన్నం తిన్నాక దొర లోపలి గదిలో అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ ఊరేగింపు గురించి చెప్తున్నాడు. ఊరి పొలిమేరలో లారీ ఆపాలి. అక్కడి నుంచి డప్పులు. "నువ్వు కచ్చురం బండిల. ఎనుక సుక్కమ్మ గొడుగు పట్టుకొని నడవాలె." సుక్కమ్మ వంటింట్లో గిన్నెలు గడ్డిలో చుడుతోంది. మధ్యలో పరదా ఒక్కటే అడ్డం.

"సుక్కమ్మ రాదు," అంది దొరసాని.

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"ఏమాయె?"

"నేనే పంపుతున్న. కోస్గికి."

"నీ పుట్టింటికా? మీ అన్న రావద్దన్నడంటివి గదా. ఆడ ఎవలున్నరు?"

"నాకు ఎవలు లేరు. ఆమెకున్నరు."

దొర కటుక్కున ఒక వక్క కత్తిరించాడు. "ఒక్క ఆడబాప లేకుంట దిగుతవా? నలుగురు ఏమనుకుంటరు? దానికి ఇయ్యాల తోవ సూపిస్తే రేపు ఇంకొకలు. అది గడీల ఉండాలె."

"ఉన్నది. ఇరవై రెండేండ్లున్నది. ఇగ సాలు." అంది దొరసాని. "నా ఎనుక ఎవలు లేకున్నా నేను నడవగలుగుత. వచ్చేనాడు నడిచిన గదా, మీరు గడ్డి కింద పండుకుంటే. ఇంకోటి. చావడి పక్క అర్రల ఇగ దేవుని సామాను పెట్టిస్త. తాళంచెవి నా కొంగున ఉంటది."

అడకత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది.

వంటింట్లో సుక్కమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. సంతోషం అనుకున్నంత తొందరగా రాలేదు. ముందు వచ్చింది కోపమే. ఆ గదికి తాళం వేయడం ఇంత సులువైతే ఇరవై ఏళ్ల కిందే వేయొచ్చు గదా తల్లీ అనుకుంది. ఆ తర్వాతే మెల్లగా తెలిసింది, రేపు తను పోతోందని. చేతిలోని గిన్నెకు గడ్డి చుట్టడం పూర్తి చేసి పక్కన పెట్టింది.

*

పంచమి పొద్దున ఆమె మూడో బిందె తెచ్చేసరికి దొరసాని చేయి అడ్డం పెట్టింది. "సాలు సుక్కీ. రెండు సాలు." మూడోది గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

చీర కట్టుకున్నాక దొరసాని తన పక్కబట్టల్లో నుంచి నల్ల గొంగడి తీసింది. పారిపోయి వచ్చిన నాటి నుంచి అది ఆమె దగ్గరే ఉంది. చలికి ఒకసారి కప్పుకొని, తర్వాత తిరిగివ్వడం మరిచిపోయింది. దాన్ని మడవడం రాక రెండుసార్లు మడిచి విప్పింది. మూడోసారి సుక్కమ్మ అందుకొని తనే మడిచింది. కాటమయ్య వేసిన ఎర్ర అంచు రంగు పోలేదు.

"మీ మంద మా గడీ ముందటి నుంచే పోతదా?"

"పోతది దొరసానమ్మా. దొడ్డికి గదే తోవ."

"లోపటికి పోకు. పోయి ఏం అడగకు. గడీ ముందట జర నిలబడు." దొరసాని కళ్లు తుడుచుకోలేదు, వాటి దారిన వాటిని పోనిచ్చింది. "నిలబడి, పావురాలు ఇంకా ఉన్నయా సూడు."

"సూస్త."

సందూక మీద బొమ్మల పత్రిక ఉంది. దొరసాని దాన్ని తెరిచి, అంచున సగమే కనబడే ఆడమనిషి మీద వేలు పెట్టింది. "ఈమె ఇంటికి పోయిందంటవా?"

సుక్కమ్మ ఎప్పట్లాగా వెంటనే జవాబు చెప్పలేదు. "పోనిస్తే పోయి ఉంటది," అంది.

భువనగిరి నుంచి మూసీ దాకా సిరిగిరి గడీ దారీ మంద దారీ ఒకటే. పొద్దు బారెడెక్కేసరికి మంద వలిగొండ తోవలో కొంత దూరం పోయింది. ఆ తెల్లవారుజామున గాటు గొర్రె ఒకటి ఈనింది. తడి ఆరని పిల్ల నడవలేదు కాబట్టి సుక్కమ్మ దాన్ని రెండు చేతులా గుండెకు ఎత్తుకొని నడుస్తోంది. గొంగడి భుజం మీద ఉంది. వెనక నుంచి లారీ హారన్ వినబడింది.

మనుషులైతే తప్పుకునేవాళ్లే. గొర్లకు రాజావారని ఏం తెలుసు? బాట నిండా పరుచుకొని వాటి నడక అవి నడిచాయి. హారన్ మోగీ మోగీ, చివరికి లారీ ఆగిపోయింది. డ్రైవరు పక్కన దొర కూర్చొని ఉన్నాడు, పంచమి ఘడియలు దాటిపోతాయేమోనన్న తొందర ముఖంలో. ఆయన సుక్కమ్మను చూసి, చూడనట్టు ఎదురుగా చూశాడు. ఆ పక్కన కట్టిన చీరపరదా కదిలింది. ఇంతమంది తిరిగే బాటమీద దొరసాని తన చేత్తో తనే పరదా పక్కకు తీసింది. ముఖం మొత్తం బయటపెట్టి, మంద పక్కకు తొలగి లారీ కదిలేదాకా సుక్కమ్మనే చూసింది. సుక్కమ్మ కూడా కళ్లు దించకుండా చూసింది. ఆమె గుండె దొరసాని కోసం కలుక్కుమంది. ఎదురుగా గడీ ఉన్నా, డప్పులు ఉన్నా, ఆ ముఖం ఊరికి పోతున్న మనిషి ముఖంలా లేదు.

లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ము సద్దుమణిగాక ఐలేశం పరుగున వచ్చాడు. "అక్కా, దొర అంత దగ్గర్నించి పాయె. దండం పెట్టకపోతివి?"

అతడు అనేదాకా ఆ సంగతే ఆమెకు తట్టలేదు. "చేతులు కాళీ లేకుండె తమ్మీ," అంది, ఆమెకే ఆశ్చర్యంగా.

ఐలేశం గొర్రెపిల్ల కుడి చెవి వేళ్ల మధ్య పట్టుకొని చూశాడు. లేత చెవి, ఇంకా ఏ కోతా లేదు. మొలలో నుంచి చిన్న కత్తి తీశాడు. "గాటు గొర్రె పిల్ల గదా. రక్తం ఎక్కువ పోదు, ఇప్పుడే పెట్టాలె. పెద్దమ్మ తడుముకుంటది."

సుక్కమ్మ పిల్లను పక్కకు తిప్పుకొని దాని చెవిని అరచేత్తో కప్పేసింది.

"దీనికి వద్దు," అంది. "అమ్మ తడుముకోనీకి నేనే పోతున్న గదా."